సొమ్ము గాలిది, సోకు ఉక్కుది

సైకిళ్ళ మీద మమకారం ఉన్నవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: ఉక్కు ఫ్రేముకు ప్రాణం ఉంటుందని. అల్యూమినియం ఒళ్ళు హూనం చేస్తుందట, కార్బన్ ఫైబర్ చప్పగా ఉంటుందట, ఉక్కు ఒక్కటే రోడ్డుతో మాట్లాడుతుందట. ఆ ఉక్కులోనూ కులగోత్రాలున్నాయి. ఫలానా ఇంగ్లండు గొట్టాలైతే పొద్దస్తమానం తొక్కినా నడుము నొప్పి తెలియదంటారు. ఫలానా ఇటలీ గొట్టాలైతే పెడల్ మీద కాలు వేయగానే సైకిలు ముందుకు దూకుతుందంటారు. ఇంజనీరింగు పిల్లలకు పదార్థాల బలం పాఠం చెప్పి చెప్పి రిటైరైన నాకు ఈ మాటలు వింటే ఒక పక్క నవ్వొస్తుంది, ఇంకో పక్క అనుమానం వేస్తుంది. నవ్వు సంగతి ముందు చెబుతాను.

మన వీధి చివర గేట్లూ గ్రిల్సూ చేసే షాపులో దొరికే మామూలు గొట్టం ఒకటి తీసుకోండి. బర్మింగ్‌హామ్‌లో తయారైన ఖరీదైన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు గొట్టం ఇంకొకటి. రెండింటి లావూ ఒకటే, గోడ మందమూ ఒకటే, పొడవూ ఒకటే అనుకోండి. రెండింటినీ ఒక కొస బిగించి, రెండో కొసకు ఒకే బరువు వేలాడదీస్తే రెండూ ఒకే అంత వంగుతాయి. యంగ్స్ మాడ్యులస్ అనే ఆ గుణం ఏ ఉక్కుకైనా సుమారు 200 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది. ఎంత మాంగనీసు కలిపినా, ఎంత కాల్చి చల్లార్చినా అది పెద్దగా కదలదు. వాడిన కొద్దీ ఫ్రేము మెత్తబడుతుందనే మాట కూడా అందుకే నిలవదు. పాతబడితే ఉక్కు తుప్పు పడుతుంది, అలసి పగులుతుంది, కానీ దాని బిగువు మాత్రం తగ్గదు.

మరి ఖరీదెందుకు? బరువు పెంచుతూ పోండి, అప్పుడు తెలుస్తుంది. గేటు గొట్టం ఒక దశలో వంగి వంకరగానే ఉండిపోతుంది. రెండోది ఆ బరువు తీయగానే తిన్నగా లేచి నిలబడుతుంది. మంచి ఉక్కుకు ఉన్నది బలం. బిగువు వేరు, బలం వేరు. పిల్లలకు ఈ తేడా బుర్రకెక్కించడానికే నాకు సగం సెమిస్టరు పట్టేది. బలం ఎక్కువున్న ఉక్కుతో గొట్టం గోడను పల్చగా తీయవచ్చు, పల్చగా తీసినా విరగదు. పల్చనైన గొట్టం తేలిగ్గా ఉంటుంది, తేలిగ్గా వంగుతుంది కూడా. అంటే ఖరీదు పెట్టి కొనేది పల్చదనానికి ఒక అనుమతి. ఆ అనుమతిని వాడుకోకుండా అదే ఉక్కును మందంగా వాడితే ప్రాణమూ లేదు, మాటా లేదు.

ఈ పల్చదనం కథ బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసుకునే ఒక కంపెనీతో మొదలైంది. జాన్ రేనాల్డ్స్ 1841లో పెట్టిన కంపెనీ అది. ఆ కుటుంబంలోని ఆల్‌ఫ్రెడ్ మిల్‌వర్డ్ రేనాల్డ్స్‌ను ఒక చిక్కు వేధించింది. ఫ్రేములో గొట్టానికి గొట్టం అతికేది రెండు చివర్లలో. అతుకు వేడికి దెబ్బ తినేదీ, ఎక్కువ బరువు మోసేదీ ఆ చివర్లే. నడిమి భాగానికి అంత మందం దండగ. కానీ ఒక గొట్టం లోపల చివర్లు మందంగా, నడుమ పల్చగా ఎలా తీస్తారు? లోపల ఒక ఉక్కు కడ్డీ పెట్టి దాని మీద గొట్టాన్ని సాగదీయవచ్చు, సరే. నడుమ లావుగా, కొసలు సన్నగా ఉన్న ఆ కడ్డీ లోపలే ఇరుక్కుపోతుంది కదా, బయటికి వచ్చేదెలా? గొట్టాన్ని వాలుగా అమర్చిన రోలర్ల మధ్య తిప్పి, ఒక పిసరు వ్యాకోచింపజేసి, కడ్డీని లాగేశారు. 1897లో పేటెంటు వచ్చింది. బయటి నుంచి చూస్తే ఈ పనితనం కంటికి ఆనదు, మామూలు గొట్టంలాగే నున్నగా ఉంటుంది. ఆ తరవాత 1935లో అదే కంపెనీ 531 అనే ఉక్కును తెచ్చింది. ఒకటీ రెండూ కాదు, నాలుగైదు దశాబ్దాలపాటు మంచి సైకిలంటే ఆ అంకె ఉన్న సైకిలే.

నా మేనల్లుడు ఇంగ్లండులో ఉద్యోగం చేసి తిరిగి వస్తూ అక్కడ కొన్న పాత 531 ఫ్రేమును విమానంలో కాకినాడకు తెచ్చాడు. సీటు కింది గొట్టం మీద చిన్న స్టిక్కరు, సగం అరిగిపోయింది. "మామయ్యా, గోటితో కొట్టి చూడండి" అన్నాడు. పై బారును హ్యాండిల్ దగ్గర గోటితో తడితే ముద్దగా, మొద్దుగా ఒక చప్పుడు. వేలిని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ తడుతుంటే ఒక చోట చప్పుడు మారింది, సన్నగా ఖంగుమంది. బారు నడుమంతా అదే మోగింపు. మళ్ళీ సీటు దగ్గరికి వస్తుంటే మొద్దుబారింది. చివర్లలో 0.8 మిల్లీమీటరో 0.9 మిల్లీమీటరో ఉండే గోడ నడుమ 0.5కో 0.6కో దిగిపోతుంది. మా వీధిలో ఆ ఫ్రేముకు చక్రాలు బిగించిన సైకిల్ షాపతను కూడా గోటితో తట్టి చూసి, "దీన్ని స్టాండులో బిగించాలంటే భయమేస్తుందండీ మాస్టారూ, నొక్కుకు పోతుందేమో" అన్నాడు. అతని భయం సబబైనదే. అంత పల్చటి గోడ మీద పట్టు గట్టిగా వేస్తే సొట్ట పడుతుంది. అతను చివరికి సీటు కింది రాడ్డును పట్టి బిగించాడు.

ఇక్కడే లెక్క ఒకటి చెప్పాలి, పాత అలవాటు పోదు. పల్చటి గొట్టం బిగువు దాని గోడ మందంతో సూటిగా పెరుగుతుంది, వ్యాసంతో మాత్రం దాని ఘనం చొప్పున పెరుగుతుంది. పాత ఇంగ్లీషు కొలతల ప్రకారం పై బారు 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 28.6కు పెంచితే కంటికి పెద్ద తేడా లేదు, కానీ అదే గోడ మందానికి బిగువు 40 శాతం పైచిలుకు పెరుగుతుంది. స్టిక్కరు మీద ఏ ఉక్కో రాస్తారు గాని వ్యాసం ఎంతో రాయరు. తొక్కేవాడి అనుభవాన్ని మార్చేది ఎక్కువగా ఆ రాయని అంకే.

అల్యూమినియం పరువు పోయింది కూడా ఈ లెక్క దగ్గరే. అల్యూమినియం బిగువు ఉక్కులో మూడో వంతు. దాంతో ఉక్కు గొట్టాలంత సన్నగా ఫ్రేము కడితే ఉక్కు కన్నా ఎక్కువగా ఊగుతుంది. 1980లలో ఐర్లండు రేసరు షాన్ కెల్లీ తొక్కిన ఫ్రెంచి వీటస్ 979 అలాంటిదే, సన్నటి అల్యూమినియం గొట్టాలను జిగురుతో అతికించిన ఫ్రేము. అది మరీ మెత్తనని పేరుపడింది. దాని మీదే అతను రేసుల మీద రేసులు గెలిచాడు. మరోవైపు అమెరికాలో గ్యారీ క్లైన్, తరవాత కానన్‌డేల్ కంపెనీ అల్యూమినియాన్ని లావుపాటి గొట్టాలుగా వాడారు. అవి బిగుసుకుపోయాయి. జనం లోహాన్ని తిట్టారు. తిట్టవలసింది వ్యాసాన్ని.

మన ఊళ్ళ సైకిలు దగ్గరికి వద్దాం. హీరో, అట్లాస్, హెర్క్యులిస్, ఏదైనా సరే, నల్ల రంగు, 22 అంగుళాల ఫ్రేము, రాడ్డు బ్రేకులు. దాని గొట్టాల లావు దాదాపు ఆ 531 గొట్టాల లావే. గోడ మాత్రం మిల్లీమీటరు దాటి ఉంటుంది, మామూలు మెత్తటి ఉక్కు రేకును చుట్టి అతుకు వేసిన గొట్టం. ఇందాకటి లెక్క ప్రకారం చూస్తే ఆ ఫ్రేము ఖరీదైన ఇంగ్లండు ఫ్రేము కన్నా సుమారు రెట్టింపు బిగువు. ప్రాణం పల్చదనంలోనే ఉంటే మన నల్ల సైకిలు ఎముకలు విరగ్గొట్టాలి. కానీ గుంతల రోడ్డు మీద, క్యారేజీ మీద బియ్యం బస్తాతో, దాన్ని తొక్కినంత సుఖం ఏ రేసు సైకిలు మీదా లేదు. దానికీ దీనికీ పొత్తు ఎలా కుదురుతుంది?

కుదురుతుంది. సైకిలు ఫ్రేము రెండు త్రికోణాలు. త్రికోణాన్ని నిలువుగా నొక్కితే గొట్టాలు వంగవు, తమ పొడవు వెంట నొక్కుకుంటాయి, లాగుకుంటాయి. ఆ దిశలో ఏ గొట్టమైనా రాయే. పెద్ద గుంతలో పడినా ఫ్రేము నిలువుగా దిగేది మిల్లీమీటరులో చిన్న ముక్క. అదే గుంతలో టైరు మిల్లీమీటర్ల కొద్దీ అణుగుతుంది. సీటు స్ప్రింగులు దిగుతాయి. మన నల్ల సైకిలుకు 28 బై ఒకటిన్నర టైర్లు, బొటనవేలితో నొక్కి చూసి కొట్టే గాలి, తోలు సీటు కింద రెండు పెద్ద స్ప్రింగులు, ముందుకు బాగా వంగిన ఫోర్కు, చక్రానికీ చక్రానికీ మధ్య బారెడు దూరం. సుఖమంతా అక్కడిది. రేసు సైకిలుకు 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గాలి కొట్టి, ఉప్పాడ బీచ్ రోడ్డు మీద సముద్రం కోసేసిన చోట తొక్కి చూడండి, అది ఏ ఉక్కయినా పళ్ళు గలగలమంటాయి. మేనల్లుడి 531కు మొదట అవే టైర్లు. తరవాత అతను 32 మిల్లీమీటర్ల టైర్లు వేసి గాలి తగ్గించాక, "ఇప్పుడు ఉక్కు మహిమ తెలుస్తోంది మామయ్యా" అన్నాడు. నేనేమీ అనలేదు. సొమ్మొకడిది, సోకొకడిదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఒక మినహాయింపు ఉంది, అది ఫోర్కు. ఫోర్కు త్రికోణం కాదు, ఒక కొస గాల్లో వేలాడే గొట్టాల జత. కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, కొసన ముందుకు వంగిన పాతకాలపు ఉక్కు ఫోర్కు గుంత తగిలినప్పుడు నిజంగానే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పాత సైకిలు తొక్కుతూ ముందు చక్రం ఇరుసు వైపు చూస్తే కంటికే కనిపిస్తుంది. చేతులకు అందే సుఖంలో ఉక్కు వాటా అది, న్యాయంగా ఇచ్చేయాలి.

మాట వచ్చింది కాబట్టి ఒక చుట్టరికం చెప్పి తీరాలి. బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ గొట్టాల కంపెనీ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద సంస్థలో కలిసింది. అదే సంస్థ మురుగప్ప కుటుంబంతో పొత్తు కలిపి 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలుపెట్టింది. ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అప్పటి ఛైర్మన్ సర్ ఐవాన్ స్టెడ్‌ఫర్డ్ పేరుతో అంబత్తూరులో ఆసుపత్రి కూడా ఉంది. కోస్తా జిల్లాల్లో పోస్టుమన్‌లూ, బడిపంతుళ్ళూ, పాలవాళ్ళూ తొక్కిన హెర్క్యులిస్‌లూ బీఎస్ఏలూ అక్కడివే. 1980లో యోప్ జూటెమెల్క్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచినప్పుడు అతని చొక్కా మీద ఉన్నదీ ఆ టీఐ అక్షరాలే, టీఐ-రాలీ జట్టు. అతని కింద ఉన్నది రేనాల్డ్స్ 753, అంటే 531నే వేడిచేసి ఇంకా గట్టిపరిచి, ఇంకా పల్చబరిచిన గొట్టం. దాన్ని అతకడానికి ఇత్తడి పనికిరాదు, అంత వేడికి దాని బలం పోతుంది, వెండి కలిసిన అతుకు తక్కువ వేడిలో వేయాలి. పరీక్ష పాసైన పనివాళ్ళకు తప్ప కంపెనీ ఆ గొట్టాలు అమ్మేది కాదు. ఒకే ఇంటి పేరున్న రెండు సైకిళ్ళు, ఒకటి ఆల్ప్స్ కొండలెక్కింది, ఇంకొకటి తాళ్ళరేవు గట్టు మీద పాలక్యాన్లు మోసింది. మన దగ్గర బరువు మోసే సైకిలుకు పై బారు కింద ఇంకో బారు వేసి డబుల్ బారు చేశారు. పల్చదనం మనకు అక్కర్లేదు, మనకు గ్యాస్ సిలిండరు ఊగకుండా ఇంటికి చేరాలి. ఒకరి సైకిలు పనికి పనికొచ్చింది, ఇంకొకరిది పోటీకి. ఏ గొట్టం గొప్పదని అడిగితే ముందు ఏం మోయాలో చెప్పమనాలి.

ఇక అనుమానం సంగతి. టైరుదే మహిమైతే ఉక్కు గొట్టాల గురించి ఇన్నేళ్ళుగా ఇంతమంది చెబుతున్నది ఒట్టి భ్రమేనా? 1990లలో అలాన్ కోటే అనే అమెరికన్ రచయిత దీన్ని తేల్చేద్దామని, ఇటలీలో ఆంటోనియో మొండోనికో అనే పనిమంతుడి చేత ఒకే కొలతలతో ఏడు ఫ్రేములు కట్టించాడు. గొట్టాలన్నీ మిలాన్ కొలంబస్ కంపెనీవే, అన్నిటికన్నా చవకవి మొదలు అన్నిటికన్నా ఖరీదైనవి దాకా. ఏది ఏదో తెలియకుండా తొక్కాడు. తేడాలు పసిగట్టడం అతనికి దాదాపు చేతకాలేదు. అది చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం కొంచెం కుత్సితమైనదే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. నిలువుగా ఫ్రేము రాయే గాని, పక్కలకు కాదు. మనం ఒక పెడల్ మీద బరువు వేసినప్పుడు క్రాంకుల దగ్గర ఫ్రేము ఒక పక్కకు వాలుతుంది, మెలిపడుతుంది, రెండో పెడల్‌కు వచ్చేసరికి తిరిగి వస్తుంది. ఇక్కడ పల్చటి బారుకూ మందపాటి బారుకూ తేడా కచ్చితంగా ఉంది. సియాటిల్‌లో సైకిళ్ళ పత్రిక నడిపిన యాన్ హైనె దీని మీద పట్టుబట్టి కూర్చున్నాడు. తొక్కే లయకూ ఫ్రేము ఊగే లయకూ కుదిరితే ఒళ్ళు అలవకుండా ఎక్కువ తొక్కగలుగుతామని అతని వాదన. గొట్టాల మందంలో మాత్రమే తేడా ఉన్న ఫ్రేములు చేయించి, తొక్కేవాళ్ళకూ పరీక్ష పెట్టేవాళ్ళకూ ఏది ఏదో తెలియకుండా తొక్కించాడు. కొందరు పల్చటివాటిని గుర్తుపట్టారు, అందరూ కాదు.

ఇది చదవగానే నాకు కావడి గుర్తొచ్చింది. కావడి మోసేవాళ్ళు బిగుసుకుపోయిన బద్దను ఎన్నడూ ఎంచుకోరు. వెదురు బద్ద అడుగు అడుగుకూ వంగి లేవాలి, నడక ఆ ఊపుకు కుదరాలి. కుదరకపోతే బరువు భుజాన్ని గుద్దుతుంది. 1991లో రాడ్జర్ క్రామ్ అనే శాస్త్రవేత్త ప్లాస్టిక్ గొట్టాలను కావడి చేసి, బరువు వేసి పరుగెత్తించి కొలిచాడు. ఆక్సిజన్ ఖర్చు మామూలుగా బరువు మోసినంతే ఉంది, శక్తి ఏమీ మిగల్లేదు. కానీ భుజం మీద పడే గుద్దు బాగా తగ్గింది. సైకిలు విషయంలో కూడా సంగతి ఇంతేనేమోనని నాకు అనిపిస్తుంది. ఊగే ఫ్రేము వేగం పెంచుతుందని నేను ఒప్పుకోను. తొక్కేవాడి మోకాలికి అది కొంచెం సఖ్యంగా ఉంటుందంటే కాదనను. నేనే మేనల్లుడి సైకిలెక్కి సర్పవరం వైపు తొక్కినప్పుడు, నిలబడి తొక్కిన చోట పెడల్ అడుగున ఒక చిన్న మెత్తదనం కాలికి తగిలింది. అది టైరుది కాదు, టైరు మెత్తదనం కింది నుంచి వస్తుంది, ఇది పక్కల నుంచి వచ్చింది. పెద్ద విషయమేం కాదు. నాకు నచ్చింది.

పల్చదనానికి హద్దు లేదనుకోకండి. 1972లో ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన సైకిలును ఎర్నెస్టో కొల్నాగో కట్టాడు, మొత్తం బరువు ఆరు కిలోల లోపు. అది ఆ ఒక్క గంట కోసం, నున్నటి ట్రాకు కోసం చేసిన వస్తువు. అలాంటి దాని మీద భారీ మనిషిని ఎక్కించి వెనక సంచీ కడితే పల్లంలో హ్యాండిల్ గడగడ వణుకుతుంది. ఆ వణుకును కూడా ప్రాణమే అంటారేమో, నేను మాత్రం భయం అంటాను. ఎనభై తొంభై కిలోలున్నవాళ్ళు, సామాను కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు కాస్త లావు గొట్టాలున్న ఫ్రేము చూసుకోవడం మంచిది.

ఈమధ్య హైదరాబాదులోనూ విశాఖలోనూ కుర్రాళ్ళు పాత ఉక్కు ఫ్రేములు వెతికి కొంటున్నారు, స్టిక్కరు చూసి ధర కడుతున్నారు. కొనండి, తప్పు లేదు. ఉక్కు విరిగే ముందు పగులు చూపిస్తుంది, పనితెలిసినవాడి చేతిలో అతుక్కుంటుంది, రంగు వేసుకుంటే మీ తరవాతి తరానికీ పనికొస్తుంది. కానీ సుఖం కోసం కొంటున్నట్టయితే స్టిక్కరును తరవాత చదవండి. ముందు ఫోర్కు సందులో, వెనక చక్రం దగ్గర, బ్రేకు కింద, టైరుకు ఇంకెంత చోటుందో వేలు పెట్టి చూడండి. కనీసం 32 మిల్లీమీటర్ల టైరు పట్టని ఫ్రేము ఎంత గొప్ప ఉక్కుతో చేసినదైనా మన రోడ్లకు కొనకండి.